ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయిన మందు: మా అమ్మకు చేయించిన కల్చర్ పరీక్ష

ఆరు నెలల్లో మా అమ్మకు మూడోసారి మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చింది. అమ్మ వయసు 74. మొదటిసారి సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు వాడితే రెండో రోజుకే మంట తగ్గింది. రెండోసారి కూడా అదే మందు వాడాం, కానీ తగ్గడానికి వారం పట్టింది. మూడోసారి మూడు రోజులు మింగినా మంట అలాగే ఉంది, రాత్రి ఆరేడుసార్లు లేవడమూ అలాగే ఉంది. డాక్టరు గారు ఈసారి ఇంకో మాత్ర రాయలేదు. "ఈ మందు ఆపేయండి. యూరిన్ కల్చర్ చేయించండి. రిపోర్టు చూశాక ఏం వాడాలో చెబుతాను" అన్నారు.

ఆ పరీక్షను కల్చర్ అండ్ సెన్సిటివిటీ అంటారు. మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూడటం మొదటి పని. అది ఏ మందుకు చస్తుంది, ఏ మందుకు చావదు అని తేల్చడం రెండో పని. ఒకే ల్యాబులో రెండుసార్లు చేయించాను. మొదటిసారి చేయించింది పూర్తిగా వృథా అయింది. రెండోసారిది, ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరికి చేయించిన పరీక్షలతో పోల్చినా, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. ల్యాబు పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క చోటికే పరిమితమైనవి కావు, మంచి సంగతులు ఎక్కడైనా అడిగి తీసుకోదగ్గవి.

నేను ప్రూఫ్ రీడర్‌ని. 27 ఏళ్లుగా అచ్చుకు వెళ్లే కాగితాలను అక్షరం అక్షరం చదవడమే నా పని. ఈ రిపోర్టునూ అలాగే చదివాను.

ముందు చెడిన పరీక్ష సంగతి. ఇంటికే వచ్చి శాంపిల్ తీసుకెళ్తామన్నారు, సరే అన్నాం. వచ్చిన అబ్బాయి మూత బిగించిన డబ్బా ఇచ్చి, "ఇందులో పట్టి ఇవ్వండి" అని మాత్రమే చెప్పాడు. ఎలా పట్టాలో చెప్పలేదు, చెప్పాలన్న సంగతి మాకూ తెలియదు. అమ్మ ఇచ్చిన డబ్బాను మామూలు సంచిలో వేసుకుని ఇంకో నాలుగు ఇళ్లు తిరిగాడు. ల్యాబులో నమోదైన సమయం చూస్తే మా ఇంటి నుంచి వెళ్లిన నాలుగు గంటల తర్వాత చేరినట్టుంది. రెండు రోజుల తర్వాత వచ్చిన ఫలితం ఇది: మూడు రకాలకు మించి బ్యాక్టీరియా పెరిగింది, శాంపిల్ కలుషితమై ఉండవచ్చు, మళ్లీ పంపండి.

ఆ రెండు రోజులూ అమ్మ నొప్పితోనే గడిపింది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

నాలుగు గంటల ఆలస్యం ఎందుకంత పెద్ద విషయమో తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది. మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగానికి కారణం ఈ-కోలై. అది పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. అన్నీ అనుకూలిస్తే 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతుంది. వెచ్చగా ఉన్న డబ్బాలో అది అర గంటకు ఒకసారి చీలిందనుకున్నా, నాలుగు గంటల్లో ఎనిమిది రెట్టింపులు, అంటే 256 రెట్లు. చర్మం మీద నుంచి పొరపాటున చేరినవి మిల్లీలీటరుకు వెయ్యి ఉంటే ల్యాబుకు చేరేసరికి రెండున్నర లక్షలు అవుతాయి. మిల్లీలీటరుకు లక్ష దాటితే అది నిజమైన ఇన్ఫెక్షన్ కావచ్చన్న కొలమానాన్ని 1950ల్లో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు ప్రతిపాదించారు. ఇప్పటికీ ల్యాబులు ఎక్కువగా దాన్నే ఆధారం చేసుకుంటాయి. ఆలస్యమైన డబ్బా ఆ గీతను ఊరికే దాటేస్తుంది. లేని జబ్బు కనిపిస్తుంది, ఉన్న జబ్బు మిగతా క్రిముల గుంపులో కలిసిపోతుంది. వెంటనే ల్యాబుకు చేర్చలేకపోతే ఫ్రిజ్‌లోనో ఐసు పెట్టెలోనో ఉంచాలి. బోరిక్ ఆమ్లం వేసిన ప్రత్యేకమైన డబ్బాలు కూడా ఉంటాయి. ఆ అబ్బాయి దగ్గర ఇవేవీ లేవు. అతన్ని తప్పు పట్టను, అతనికి ఎవరూ నేర్పలేదు. తప్పు అతన్ని పంపినవాళ్లది.

అయితే ఇందులోనూ ల్యాబును మెచ్చుకోవలసింది ఒకటుంది. ఆ చెడిన శాంపిల్‌లో పెరిగిన వాటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకుని, దాని మీద మందులన్నీ పరీక్షించి, నిండుగా కనిపించే పట్టికతో రిపోర్టు ఇచ్చేయవచ్చు. మేమూ నమ్మేవాళ్లమే. వాళ్లు ఆ పని చేయలేదు, మళ్లీ పంపండి అన్నారు. అందుకే రెండోసారి కూడా అక్కడికే వెళ్లాను.

ఈసారి అమ్మను నేనే తీసుకెళ్లాను. అక్కడి టెక్నీషియన్ అమ్మాయి అమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది: "అమ్మా, ముందు నీళ్లతో శుభ్రం చేసుకోండి. మొదట వచ్చేది వదిలేయండి. మధ్యలో వచ్చేదే పట్టండి. డబ్బా లోపలి అంచుకు వేలు తగలనివ్వకండి." ఈ మధ్య ఏ యాంటీబయాటిక్ వాడారు, ఎప్పుడు ఆపారు అని అడిగి రాసుకుంది. కొత్త మందు మొదలుపెట్టారా అని రెండుసార్లు అడిగింది. లేదన్నాక, "మంచిపని చేశారు, మందు వేసుకుని వస్తే క్రిమి సరిగా పెరగదు" అంది. డబ్బా మీద సమయం రాసి లోపలికి తీసుకెళ్లింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టింది. మొదటిసారి ఈ పది నిమిషాలు మిగుల్చుకోబోయి రెండు రోజులు పోగొట్టుకున్నాం.

రెండో రోజు సాయంత్రం రిపోర్టు కోసం వెళ్లాను. పట్టికలో సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ఆర్ అనే అక్షరం ఉంది. ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందుకు క్రిమి లొంగదని. దాని కింద వరసగా ఇంకో నాలుగు ఆర్‌లు ఉన్నాయి. ఇవన్నీ ఎందుకు పనిచేయవని కౌంటరులో అడిగితే, లోపలికి వెళ్లి మైక్రోబయాలజిస్టును పిలుచుకొచ్చారు. నేను ఈ ల్యాబు గురించి రాయడానికి అసలు కారణం ఆవిడే. ప్లేట్లు ఇంకా పారేయలేదని, చూస్తారా అని అడిగారు. అద్దం అవతల నిలబడి, మూత తీయకుండా, ఒక్కొక్కటే దీపం ముందు పట్టి చూపించారు. నా చేతికి ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా.

మొదటి ప్లేటులో నీలిరంగు ఉండాల్సిన జెల్లీ చాలా మేర పచ్చబడింది. దాని నిండా మెంతి గింజంత పసుపు చుక్కలు. ఈ-కోలై లాక్టోజ్ అనే చక్కెరను పులియబెడుతుంది, అప్పుడు పుట్టే ఆమ్లానికి రంగు మారుతుంది. మిల్లీలీటరులో వెయ్యో వంతు పట్టే తీగ ఉంగరంతో మూత్రాన్ని ప్లేటు మీద గీస్తారట. అలా గీసినప్పుడు ప్లేటు మీద వంద చుక్కలు లేస్తే మిల్లీలీటరుకు లక్ష అని లెక్క. అమ్మ ప్లేటులో చుక్కలు లెక్కపెట్టే స్థితిలో లేవు, ఒకదాన్నొకటి అంటుకుపోయాయి. కానీ అన్నీ ఒకే రకం. మొదటిసారి గుంపుగా వచ్చిన మిగతావి ఇందులో లేవు.

రెండో ప్లేటు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. లేత గోధుమరంగు జెల్లీ మీద బ్యాక్టీరియా పల్చని మీగడలా సమంగా పరుచుకుంది. దాని మీద ఆరు మిల్లీమీటర్ల తెల్లని కాగితపు బిళ్లలు. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు, పైన పొట్టి అక్షరాలు, పక్కన మోతాదు అంకె. బిళ్ల చుట్టూ మందు జెల్లీలోకి ఊరుతుంది. అక్కడ క్రిమి పెరగలేకపోతే గుండ్రంగా ఖాళీ జాగా మిగులుతుంది. నైట్రోఫ్యూరాంటోయిన్ బిళ్ల చుట్టూ అద్దంలా శుభ్రమైన వలయం ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ల దగ్గర మాత్రం మీగడ నేరుగా కాగితం అంచు దాకా వచ్చి ఆనుకుంది. అమ్మ మూడు రోజులు మింగిన మందు అదే. ఆ బిళ్లను చూశాక ఆ మూడు రాత్రులూ గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

ఈ పద్ధతిని 1966లో బావర్, కిర్బీ, షెరిస్, టర్క్ అనే నలుగురు ప్రామాణికం చేశారు. జెల్లీ మందం నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. బ్యాక్టీరియాను ఏ చిక్కదనానికి కలపాలో, ఎన్ని గంటలు వెచ్చగా ఉంచాలో కూడా నిర్ణయించారు. చివరికి వలయం వెడల్పును స్కేలుతో కొలుస్తారు. ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా ఒక కాగితపు బిళ్ల, ఒక స్కేలు ఇంత నమ్మకంగా పనిచేస్తున్నాయంటే ఆ నలుగురి మీద నాకు గొప్ప గౌరవం కలిగింది.

"ఇన్నిసార్లు వాడటంతో మా అమ్మ ఒంటికి ఆ మందు అలవాటైపోయిందా?" అని అడిగాను. చాలామంది అనుకునేది అదే, నేనూ అదే అనుకున్నాను.

"మీ అమ్మగారి ఒంటికి ఏమీ అలవాటు కాలేదండీ. మారింది క్రిమి" అన్నారావిడ. "మందు దానికి పాఠమేమీ నేర్పదు. కొన్ని క్రిముల్లో ఆ మార్పు ముందే ఉంటుంది. మందు మిగతావాటిని చంపి వాటికి చోటు ఖాళీ చేస్తుంది."

ఇంటికొచ్చి చదివితే, సరిగ్గా ఈ ప్రశ్న మీదే 1943లో లూరియా, డెల్‌బ్రుక్ ప్రయోగం చేశారని తెలిసింది. వాళ్లు వాడింది మందు కాదు, బ్యాక్టీరియాను చంపే వైరస్. వైరస్‌ను చూశాకే బ్యాక్టీరియా మారుతున్నట్టయితే, విడివిడిగా పెంచిన గొట్టాలన్నిటిలో దాదాపు ఒకే సంఖ్యలో బతకాలి. అలా జరగలేదు. కొన్నింటిలో ఒక్కటీ లేదు, కొన్నింటిలో గుంపులు గుంపులుగా ఉన్నాయి. మార్పు ముందే, ఎప్పుడో ఒకప్పుడు, యాదృచ్ఛికంగా వచ్చిందన్నమాట. 1952లో జాషువా లెడర్‌బర్గ్, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ఇంకా నేరుగా చూపించారు. ఒక ప్లేటులోని చుక్కలను మఖమల్ గుడ్డతో అద్ది, అదే అమరికలో వేరే ప్లేట్ల మీద ముద్ర వేశారు. మందు ఎన్నడూ చూడని మొదటి ప్లేటులోనే, మందును తట్టుకోగల చుక్కలు ఎక్కడున్నాయో కచ్చితంగా వేలు పెట్టి చూపించగలిగారు.

ఆ మార్పు ఎంతటిదో తెలిశాక నా వృత్తి గుర్తొచ్చి కాసేపు అలాగే ఉండిపోయాను. ఈ-కోలై జన్యు పాఠం దాదాపు 46 లక్షల అక్షరాలు. చీలిన ప్రతిసారీ దాన్నంతా కొత్తగా రాసుకుంటుంది. దాని లోపలే తప్పులు దిద్దే ఏర్పాటు ఉంది, శాస్త్రవేత్తలు దాన్ని ప్రూఫ్ రీడింగ్ అనే పిలుస్తారు. అంత దిద్దుకున్నాక కూడా, కొన్ని వందల నుంచి వెయ్యి ప్రతులకు ఒక అక్షరం తప్పు మిగులుతుంది. నా పనిలో అంత శుద్ధమైన ప్రతి నేను ఎన్నడూ ఇవ్వలేదు. కానీ కోట్ల ప్రతులు తీసేచోట ఆ కొద్ది తప్పులే వేలకు వేలవుతాయి. ఎక్కువ భాగం పనికిరానివి, కొన్ని ప్రాణం తీసేవి. ఎప్పుడో ఒకటి సరిగ్గా మందు తగిలే చోట పడుతుంది.

సిప్రోఫ్లాక్సాసిన్ తగిలే చోటు గైరేజ్ అనే ఎంజైమ్. డీఎన్ఏ పోగు మెలికలు పడకుండా దాన్ని తెంచి, సడలించి, మళ్లీ అతికించడం దాని పని. తెంచిన క్షణంలో మందు వచ్చి పట్టుకుంటే అతుకు పడదు, పోగు తెగే ఉంటుంది, క్రిమి చస్తుంది. ఆ ఎంజైమ్‌లో 83వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి. దాన్ని రాసే మూడక్షరాలు టీసీజీ. నడిమి సీ స్థానంలో టీ పడితే టీటీజీ అవుతుంది, సెరీన్ పోయి ల్యూసీన్ వస్తుంది. మందుకు పట్టు జారుతుంది. ఎంజైమ్ పని మాత్రం ఆగదు. 46 లక్షల్లో ఒక్క అక్షరం! ఒక్క మార్పుతోనే మందు పూర్తిగా ఓడిపోదు, బలహీనపడుతుంది. దానికి రెండోది, మూడోది తోడైతే బిళ్ల చుట్టూ వలయమే మిగలదు. అమ్మ ఒంట్లోని క్రిమిలో కచ్చితంగా ఏ అక్షరం మారిందో ఈ ప్లేటు చెప్పదని, దానికి జన్యువు చదవాలని ఆవిడ అన్నారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం నాకు నచ్చింది.

ఇక పెనిసిలిన్‌కు దగ్గరి చుట్టాలైన సెఫలోస్పోరిన్ అనే యాంటీబయాటిక్‌ల సంగతి వేరు. ప్లేటులో ఒకచోట వలయం గుండ్రంగా లేదు. రెండు బిళ్లల మధ్య ఖాళీ జాగా సాగి తాళం కన్నం ఆకారంలో కనిపించింది. అది ఈఎస్‌బీఎల్ గుర్తు అన్నారు. పెనిసిలిన్, సెఫలోస్పోరిన్ మందుల నడుమ నాలుగు మూలల చిన్న చట్రం ఒకటి ఉంటుంది, మందు బలమంతా అక్కడే. ఈఎస్‌బీఎల్ అంటే ఈ క్రిమి తయారుచేసే ఎంజైమ్, అది ఆ చట్రాన్ని విరగ్గొడుతుంది. పక్క బిళ్లలో ఉన్న క్లావులానిక్ ఆమ్లం ఆ ఎంజైమ్‌కు తానే చిక్కి దాన్ని కట్టిపడేస్తుంది. అందుకే ఆ బిళ్ల వైపున్న జాగాలో మాత్రమే సెఫలోస్పోరిన్ మళ్లీ పనిచేసి, వలయం అటు సాగుతుంది. ఒక రసాయనం ఇంకో రసాయనాన్ని కాపాడటం కంటికి కనిపించింది. పెనిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ బ్యాక్టీరియాలో ఉందని అబ్రహాం, చెయిన్ 1940లోనే రాశారు. అప్పటికి పెనిసిలిన్ ఇంజెక్షన్లు రోగులకు ఇవ్వడం ఇంకా మొదలే కాలేదు. 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలలో కూడా ఇలాంటి జన్యువులు దొరికాయని 2011లో ప్రచురించారు. ఇలాంటి మందులు చాలావరకు మనకు దొరికింది బూజుల నుంచి, నేలలోని సూక్ష్మజీవుల నుంచి. వాటికి విరుగుడు కూడా ఆ నేలలోనే ఎప్పటి నుంచో ఉంది.

ఇంకా దారులున్నాయట. లోపలికి వచ్చిన మందును తోడి బయట పోసే పంపులు, మందు దూరే రంధ్రాలను తగ్గించుకోవడం. వాటి గురించి ఆవిడ రెండు మాటల్లో ముగించారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈఎస్‌బీఎల్ ప్రయాణం చేసే తీరు. గైరేజ్‌లో అక్షరం మారితే అది ఆ క్రిమి పిల్లలకే వెళ్తుంది. ఈఎస్‌బీఎల్ జన్యువు సాధారణంగా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం మీద ఉంటుంది. ఒక బ్యాక్టీరియా పక్కదానికి ఆనుకుని ఆ ఉంగరపు ప్రతిని అందించగలదు, పక్కది వేరే జాతిదైనా సరే. మా భాషలో చెప్పాలంటే ఇది అచ్చుతప్పు కాదు. పక్క పుస్తకంలోని పేజీని నకలు తీసుకుని తన పుస్తకంలో కుట్టుకోవడం. ఒక్కోసారి ఆ పేజీలో నాలుగైదు మందుల విరుగుళ్లు కలిసే ఉంటాయి. 1950ల్లో జపాన్‌లో రక్తవిరేచనాల క్రిమి షిగెల్లా ఒకేసారి నాలుగు మందులకు లొంగకపోవడం చూసి, అక్కడి శాస్త్రవేత్తలు ఈ బదిలీని కనిపెట్టారు. అమ్మ పట్టికలో ఆర్‌లు ఒకదాని కింద ఒకటి వరసగా ఉండటానికి అర్థం అప్పుడు తెలిసింది.

ఇక రిపోర్టు కాగితం. ఇక్కడ ల్యాబు మీద నాకు గట్టి అభ్యంతరాలున్నాయి.

మందులన్నీ అక్షరక్రమంలో ఉన్నాయి. ఒక్కోదాని ఎదురుగా వలయం మిల్లీమీటర్లు, దాని పక్కన ఎస్, ఐ, ఆర్‌లలో ఒకటి. ఎస్ అంటే మందు పనిచేస్తుందని. నైట్రోఫ్యూరాంటోయిన్‌కు 20, ఎస్. మెరోపెనెమ్‌కు 28, ఎస్. చదివిన ఎవరైనా 28 వచ్చిందే బలమైన మందు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అది తప్పు. ఒక్కో మందు జెల్లీలో ఒక్కో వేగంతో ఊరుతుంది, బిళ్లల్లో మోతాదులూ వేరు, కాబట్టి ఒక్కో మందుకు గీత వేరు. ల్యాబులు ఎక్కువగా వాడే ఒక ప్రమాణం ప్రకారం ఈ-కోలై మీద నైట్రోఫ్యూరాంటోయిన్‌కు 17 వస్తే చాలు, ఎస్. సిప్రోఫ్లాక్సాసిన్‌కు 26 రావాలి. అదే 20 సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ఉంటే ఆర్ అవుతుంది. రెండు వేర్వేరు మందుల అంకెలను పోల్చకూడదని పట్టిక కింద ఒక్క వాక్యం అచ్చు వేస్తే ఏం పోయింది? మైక్రోబయాలజిస్టును కలిసే అవకాశం అందరికీ రాదు.

ఐ అనే అక్షరం ఇంకా చిక్కు. అది "సగం పనిచేస్తుంది" అనుకుంటారు. కొన్ని దేశాలు పాటించే యూరప్ ప్రమాణంలో 2019 నుంచి దాని అర్థం, మోతాదు పెంచితే లేదా మందు ఎక్కువగా చేరే చోటైతే పనిచేస్తుంది అని. ఏ ప్రమాణం వాడారన్నది ఈ రిపోర్టు మూడో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

అన్నిటికంటే పెద్ద అభ్యంతరం ఇంకొకటి. నోటి మాత్ర ఒకటి చక్కగా పనిచేస్తుందని తేలినప్పుడు, మెరోపెనెమ్ లాంటి ఇంజెక్షన్ మందును అదే వరసలో, అదే సైజు అక్షరాల్లో పెట్టనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విభజిస్తోంది: ముందుగా వాడదగ్గవి, జాగ్రత్తగా చూసి వాడవలసినవి, చివరికి దాచుకోవలసినవి. నైట్రోఫ్యూరాంటోయిన్ మొదటి గుంపు, మెరోపెనెమ్ రెండోది. కొన్ని ల్యాబులు మొదటి గుంపు మందులు పనిచేస్తే మిగతావాటి ఫలితాలు రిపోర్టులో చూపించవు, డాక్టరు అడిగితేనే ఇస్తాయి. ఇక్కడా అలా చేయవచ్చు కదా అని అడిగాను. తాను కూడా అదే కోరుతున్నానని, పట్టికలో మందులు ఎక్కువ కనిపిస్తేనే పరీక్ష గట్టిగా చేసినట్టు జనం అనుకుంటున్నారని ఆవిడ చెప్పారు. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమని అంచనా. ఇంత జరుగుతున్నప్పుడు పట్టిక నిండుగా కనిపించాలన్న కోరికకు తలవంచడం నాకు అంగీకారం కాదు.

ప్రూఫ్ రీడరుగా ఇంకో తప్పు పట్టాను. శాంపిల్ తీసిన సమయం అనే గడి ఖాళీగా ఉంది. ఆ అమ్మాయి డబ్బా మీద శ్రద్ధగా రాసిన సమయం కాగితం మీదికి ఎక్కలేదు. మొదటిసారి మొత్తం చెడింది ఆ సమయం దగ్గరే. అడిగితే వెంటనే సరిచేసి కొత్త ప్రతి ఇచ్చారు.

డాక్టరు గారు రిపోర్టు చూసి, జ్వరం, వెన్నునొప్పి లేవని, కిడ్నీల పనితీరు బాగానే ఉందని పరీక్షతో నిర్ధారించుకుని, ఐదు రోజులకు నైట్రోఫ్యూరాంటోయిన్ రాశారు. 1953 నుంచి వాడుకలో ఉన్న మందు. అది రక్తంలో పెద్దగా నిలవదు, మూత్రంలో చేరి అక్కడ చిక్కబడుతుంది. అందుకే మూత్రాశయానికి సరిపోతుంది, కిడ్నీ దాకా పాకిన ఇన్ఫెక్షన్‌కు పనికిరాదు. ఆ మందు క్రిమి లోపలికి వెళ్లాక చురుకైన రసాయనాలుగా మారి ఒకేసారి చాలాచోట్ల దెబ్బ తీస్తుంది. ఒక్క అక్షరం మార్చుకుని దాన్ని తప్పించుకోవడం కష్టం. ఏడు దశాబ్దాలు వాడినా అది ఇంకా పనిచేస్తుండటానికి ఒక కారణం ఇదే. మూత్రం ముదురు రంగులో వస్తే భయపడవద్దని ముందే చెప్పారు, అలాగే వచ్చింది. మూడో రోజు రాత్రి అమ్మ ఒక్కసారే లేచింది.

ఆ వారంలోనే అమ్మకు ఒక వీడియో చూపించాను. 2016లో హార్వర్డ్‌లో మైకేల్ బేమ్, రాయ్ కిషోనీ బృందం చేసిన ప్రయోగం. 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవున్న పెద్ద పళ్లెం. అంచుల్లో మందు లేదు, నడిమికి వెళ్లేకొద్దీ పట్టీ పట్టీకి మోతాదు పెరుగుతుంది. తెల్లని బ్యాక్టీరియా ప్రతి పట్టీ గీత దగ్గరా ఆగిపోతుంది. కాసేపటికి ఒక్కచోట నుంచి చిన్న మొలక దాటి విసనకర్రలా విచ్చుకుంటుంది. రెండు వారాలు తిరగకముందే, మొదట తమను ఆపిన మోతాదుకు వెయ్యి రెట్లున్న నడిమి పట్టీని నింపేశాయి. అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టమంది. రెండోసారి చూసి, "నేను మింగిన మాత్ర ఆ మొదటి గీతన్నమాట" అంది.

ల్యాబు మీద చివరి ఫిర్యాదు. మందు అయిపోయిన వారానికి, మళ్లీ కల్చర్ చేయించి క్రిమి పోయిందో లేదో తెలుసుకోండి అని ఫోనుకు సందేశం పంపారు. డాక్టరు గారు వద్దన్నారు. ఆ వయసులో బాధేమీ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం మామూలే. గర్భిణులకు, మూత్రనాళ శస్త్రచికిత్సకు ముందు తప్ప దాన్ని వెతికి చంపబోతే కొత్త ఆర్‌లు పుట్టించడమే అవుతుందన్నారు. ఆ సందేశం మైక్రోబయాలజిస్టుకు చూపిస్తే ఆవిడ ముఖం మాడిపోయింది. అది వ్యాపార విభాగం పంపేదని, ఆపమని రాస్తానని చెప్పారు. ఇంతవరకు మళ్లీ రాలేదు.

మొత్తం మీద ప్లేటు దగ్గరి పనికి, ఆవిడ ఇచ్చిన అరగంటకు ఐదుకు ఐదు. రిపోర్టు కాగితానికి మూడు. ఇంటికొచ్చి శాంపిల్ తీసే సేవకు ఒకటి, అదీ డబ్బా శుభ్రంగా ఉన్నందుకు. ఇక్కడికి వెళ్లేవాళ్లు స్వయంగా వెళ్లండి, శాంపిల్ సమయం కాగితం మీద ఉందో లేదో చూసుకోండి, మైక్రోబయాలజిస్టుతో మాట్లాడాలని అడగండి.

సరిచేసి ఇచ్చిన రిపోర్టు అమ్మ ఫైల్లో అన్నిటికంటే పైన ఉంది. ఆర్ ఉన్న మందుల పక్కన పెన్సిల్‌తో గీతలు పెట్టాను. గత నెల పన్ను తీయించుకోవడానికి వెళ్లినప్పుడు, దంత వైద్యుడు చీటీ అందుకోగానే అమ్మ ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "బాబూ, రాసే ముందు ఇది చూడు" అంది. ఆయన ఆసాంతం చదివారు. పంటి దగ్గరి క్రిములు వేరు, ఈ పట్టిక వాటికి వర్తించదని చెప్పారు. ఆ తర్వాత అమ్మ చిగురు మళ్లీ ఒకసారి చూసి, చీము లేదు, వాపు లేదు, యాంటీబయాటిక్ అక్కరలేదని, నొప్పి మాత్ర ఒక్కటే రాసిచ్చారు.